రూపం మార్చుకునే మెరవలకు దేవుడెవరు? నవల కోసం సలహాలు కావాలి

వలసపిట్ట:
అందరికీ నమస్తే. చాలాకాలంగా ఒక ఫాంటసీ నవలతో కుస్తీ పడుతున్నా. అందులో మెరవలు అని ఒక జాతి. కొండల నడుమ ఉప్పునీటి చెరువు, దాని చుట్టూ ఏడు ఊళ్లు. ప్రతి ఒక్కరూ మనిషి రూపంలోంచి జంతువు రూపంలోకి మారగలరు, మళ్లీ వెనక్కి రాగలరు. ఊళ్ల మధ్య తగాదాలు, కొండ దిగువ మనుషులతో ఉప్పు వ్యాపారం, ఇవన్నీ బాగానే కుదిరాయి. కుదరనిది వాళ్ల మతం ఒక్కటే. ఇప్పటిదాకా రాసుకున్నది ఇదీ: చంద్రుణ్ని కొలుస్తారు, పున్నమి రాత్రి అందరూ రూపం మార్చి ఆడతారు, మహారూపి అనే అమ్మవారు ఉంటుంది. చదువుతుంటే నాకే ఆవలింతలు వస్తున్నాయి.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టుకున్నా. రూపం మారినా బరువు మారదు. 60 కిలోల మనిషి 60 కిలోల జంతువే అవుతాడు. చిరుత, అడవిపంది, ఎలుగు లాంటివన్నమాట. ఈగై గోడ మీద వాలడం, ఎలుకై కన్నంలో దూరడం కుదరదు. మతాన్ని ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

చిత్తుప్రతి:
ముందు చంద్రుణ్ని, పున్నమిని తీసేయండి. అవి యూరప్ తోడేలు మనుషుల కథల సామాను. అక్కడ కూడా పున్నమికి అంత పేరు తెచ్చిపెట్టింది సినిమాలే. రెండోది, రోజూ చేసే పనిని ఎవరూ పూజించరు. మెరవలకు రూపం మారడం అంటే మనకు నడక. నడకకు గుడి కడతామా? వాళ్లకు చేతకానిదేమిటో చెప్పండి, మతం సంగతి తర్వాత చూద్దాం.

గోదారిగట్టు:
చంద్రుణ్ని తీసేయడానికి నాకూ అభ్యంతరం లేదు గానీ, అమ్మాయ్, మన ఇంట్లోనే ఇంత సరుకు పెట్టుకుని బయట వెతకడం దేనికి? రామాయణంలో వానరులను కామరూపులనే, అంటే కోరిన రూపం ధరించేవాళ్లనే అంటారు. రాముడి దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు హనుమంతుడు భిక్షువు వేషంలో వస్తాడు. అయితే ఆ కథల్లో రూపం మారడం ఒక శక్తి మాత్రమే. దాని చుట్టూ సంఘం ఎలా నడుస్తుందన్న ప్రశ్న రాదు. నీకు పనికొచ్చేవి రెండు చిన్న కథలు, రెండూ భారతంలోవే.

మొదటిది కిందముడు. ముని, లేడి రూపంలో భార్యతో కలిసి ఉంటాడు. పాండురాజు బాణం వేస్తాడు. లేడి కిందపడి మనిషి గొంతుతో మాట్లాడుతుంది. రాజు సిగ్గుపడి తల దించుకుంటాడనుకుంటాం కదా, అదేం లేదు. వేటాడటం రాజధర్మం అని వాదానికి దిగుతాడు. కిందముడి జవాబు చూడు: నేనెవరో నీకు తెలియదు కాబట్టి బ్రహ్మహత్యా పాపం నీకు అంటదు, కానీ జంట కలిసున్న వేళ కొట్టావు, దానికి శాపం మాత్రం తప్పదు. అంటే హత్యానేరం కొట్టేసి వేరే సెక్షన్ కింద శిక్ష వేశాడు. మెరవల ఊళ్లలో ఇలాంటి తగవులు ఏటా వస్తాయి. నీ పెద్దమనుషులు ఏం తీర్పు చెబుతారు?

రెండోది వాతాపి, ఇల్వలుడు. తమ్ముడు మేకపోతవుతాడు, అన్న వండి అతిథికి వడ్డిస్తాడు, తిన్నాక పేరు పెట్టి పిలుస్తాడు. అగస్త్యుడు వచ్చేదాకా ఆ ఆట బాగానే సాగింది. ఇవాళ్టికీ పసిపిల్లలకు పాలు పట్టి పొట్ట నిమురుతూ 'జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం' అంటున్నామా లేదా?

పుంజు_99:
అంటే మెరవల పెళ్లి భోజనాల్లో మటన్ వడ్డించే ముందు అటెండెన్స్ తీసుకోవాలి.

వలసపిట్ట:
పుంజు గారూ, మీరు నవ్వులాటకి అన్నా అది నాకు భలే పనికొచ్చింది. నిన్న రాత్రి కూర్చుని ఈ ముక్క రాశా, చూడండి:

"దుప్పి ఇంకా వెచ్చగానే ఉంది. పెదకాపు కత్తి నేలమీద పెట్టి, మోకాళ్ల మీద వంగి, దాని చెవిలో ఏడు ఊళ్ల పేర్లూ చెప్పాడు. ఒక్కో ఊరి పేరు చెప్పాక ఆగి, అరచెయ్యి దాని పక్కటెముకల మీద ఆనించాడు. ఆకలితో ఉన్న పిల్లలు కూడా కిక్కురుమనలేదు. ఏడో పేరు చెప్పాక చిటికెడు ఉప్పు దాని నాలుక మీద వేశాడు. ఉప్పు తడిసి కరిగిపోయేదాకా ఎవరూ కత్తి ముట్టకూడదు."

దీన్ని పిలుపు అంటారు. పిలుపు లేకుండా మాంసం తిన్నవాణ్ని మూడు వేసవులు ఊరి బావి ముట్టనివ్వరు.

చిత్తుప్రతి:
ఇది బాగుంది. కానీ చచ్చినప్పుడు మెరవ మనిషి రూపానికి తిరిగొచ్చేస్తే ఈ తతంగం మొత్తం అనవసరం. దుప్పి దుప్పిలాగే ఉందంటే అది దుప్పే.

వలసపిట్ట:
తిరిగి రారు. ఏ రూపంలో పోతే ఆ రూపమే. అందుకే అడవిలో ఏ కళేబరం దొరికినా పిలిచి, దహనం చేసి గానీ కదలరు. దిగువ మనుషులకు ఇది పిచ్చిగా కనిపిస్తుంది. అడవిపందికి చితి పేర్చడమేంటని నవ్వుతారు.

పుంజు_99:
ఈసారి సీరియస్‌గానే అడుగుతున్నా. బరువు మారదు, సరే. మరి చంటిపిల్లల సంగతి? పది కిలోల పిల్లాడు చిరుత ఎలా అవుతాడు? పిట్ట అవుతాడా?

వలసపిట్ట:
ఆగండి ఆగండి. ఎగిరే పక్షి గరిష్ఠంగా ఎంత బరువుంటుంది? ఎవరికైనా తెలుసా?

గూటిదగ్గర:
నాకు పక్షుల పిచ్చి కాబట్టి నేను చెబుతా. ఎగరగలిగేవాటిలో బాగా బరువైనవంటే బట్టమేక పిట్టలు. మన బట్టమేక మగపక్షి 15 కిలోల దాకా తూగుతుంది. మీటరు ఎత్తు, పొడుగాటి కాళ్లు, బోర విరుచుకుని నడుస్తుంటే పెళ్లికొడుకు ఊరేగుతున్నట్టుంటుంది. దీనికోసమే 1988లో కర్నూలు వైపు రోళ్లపాడు అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు అక్కడికెళ్తే గడ్డి తప్ప అది కనపడదు. దేశం మొత్తం మీద 150 లోపే మిగిలాయని అంచనా, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో. కరెంటు తీగలకు తగిలి చస్తున్నాయి. దాని కళ్లు పక్కలకు ఉంటాయి, ఎదురుగా సరిగా చూడలేదు, బరువు వల్ల చటుక్కున పక్కకు తిరగలేదు. మీ పిల్లలు ఎగిరితే ఇలాగే ఎగురుతారు, పిచ్చుకల్లా కాదు. పరుగెత్తి, రెక్కలు బలంగా కొట్టి, కష్టం మీద లేస్తారు.

మేడిచెట్టు:
నేను ములుగు జిల్లాలో అంగన్వాడీ టీచర్ని. ఇక్కడ ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదలు. పిల్లల తూకాల గురించి కాబట్టి ఊరుకోలేకపోయాను. మా సెంటర్లో ప్రతి నెలా తూకం వేసి రాస్తాం. బాగా ఎదిగే పిల్లలైతే మూడేళ్లకు 14 కిలోలు అటూఇటూ, నాలుగేళ్లకు 16. అంటే మీ లెక్కన మూడు దాటి నాలుగు నిండేలోపు ఎగరడం ఆగిపోవాలి.

నా మనసులో పడ్డది ఇంకొకటి. ఎగరడం అంత గొప్ప సంగతైతే తల్లులేం చేస్తారు? ఇంకో ఏడాది ఎగరనీ అని పిల్లకు తిండి తగ్గిస్తారు. మీరు నమ్మరు, తల్లి ఎంత ప్రేమగలదైనా చేస్తుంది. చుట్టూ పదిమంది 'మీ పాప ఇంకా ఎగురుతోందా, అదృష్టవంతురాలివి' అంటుంటే ముద్ద తగ్గించకుండా ఎవరుంటారు? ఆ ఊళ్లో బక్కచిక్కిన పిల్లలు ఉంటారు, వాళ్లను చూసి అందరూ మెచ్చుకుంటారు. ఎవరికీ తెలియకుండా గోడ పక్కన కూర్చోబెట్టి బెల్లం, నెయ్యి కలిపి తినిపించే మేనత్త కూడా ఒకతి ఉంటుంది. ఉండాలి.

వలసపిట్ట:
మేడిచెట్టు గారూ, చేతులు వణుకుతున్నాయి చదువుతుంటే. ఆ మేనత్తే నా నవల కథానాయిక.

చిత్తుప్రతి:
ఇప్పుడు దారిలో పడ్డారు. పెద్దవాళ్లకు చేతకానిది దొరికింది.

నిద్రపట్టనోడు:
సైకాలజీ చదువుతున్నా. ఇందులో మీరెవరూ గమనించనిది ఒకటుంది. పెద్దయ్యాక మనకు గుర్తుండే మొట్టమొదటి సంగతులు చాలామందికి మూడు, మూడున్నరేళ్ల వయసువి. అంతకు ముందువి చెరిగిపోతాయి. అంటే మెరవల్లో ప్రతి ఒక్కరూ ఒకప్పుడు ఎగిరినవాళ్లే, ఎగిరినట్టు మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆఖరి నెలల ముక్కలేవో ఒకరిద్దరికి మిగిలితే మిగలొచ్చు. మిగతా అందరికీ వాళ్లమ్మ చెప్పిన మాటే సాక్ష్యం. 'నువ్వు చెరువు మీద మూడు చుట్లు తిరిగావురా' అని. నమ్మకం పుట్టడానికి ఇంతకంటే ఏం కావాలండీ?

ఇంకోటి. 2008లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. గొంగళిపురుగులకు ఒక వాసన తగలగానే చిన్న కరెంటు షాక్ ఇచ్చి, ఆ వాసనంటే పారిపోయేలా అలవాటు చేశారు. అవి గూడు కట్టుకుని, లోపల ఒళ్లంతా కరిగి, రెక్కల పురుగులై బయటికొచ్చాక కూడా చాలావరకు ఆ వాసనకు దూరంగానే వెళ్లాయి. మరీ చిన్నప్పుడు నేర్పినవాటికి గుర్తు లేదు, గూడు కట్టే ముందు నేర్పినవాటికే ఉంది. కాబట్టి మీ మెరవలకు చూసింది గుర్తుండకపోయినా, వాసన ఉండిపోయిందని రాసుకోవచ్చు.

వలసపిట్ట:
ఐతే వినండి. బిడ్డ ఎగిరినన్నాళ్లూ చెరువు గట్టున ఒకే రకం బంక పొగ వేస్తారు. తిరిగి ఇంటికి రావడానికి అదే గుర్తు. ఎగరడం ఆగాక ఆ బంక ఇంట్లో వెలిగించకూడదు. మళ్లీ మనిషి పోయాక చితి దగ్గరే వెలిగిస్తారు. పెద్దవాళ్లు శవం వెంట వెళ్లినప్పుడు ఆ పొగ తగిలి ఎందుకో తెలియకుండా ఏడుస్తారు, పోయినవాడు శత్రువైనా సరే.

గూటిదగ్గర:
చితి అన్నారు కాబట్టి ఒక లెక్క. పెద్ద మనిషిని దహనం చేస్తే మిగిలే అస్థికలు, బూడిద కలిపి రెండు మూడు కిలోలు. అది మామూలు కొంగ బరువు కంటే కొంచెం ఎక్కువ. గద్ద జాతుల్లో పెద్దవాటికి దగ్గరగా వస్తుంది. అంటే చచ్చాక అందరూ మళ్లీ ఎగిరే బరువుకు వస్తారు.

గోదారిగట్టు:
ఆహా. పూడ్చిపెట్టే ఆచారం వాళ్లలో ఎందుకు లేదో ఇక వేరే చెప్పనక్కర్లేదు. మట్టిలో పెడితే బరువు తగ్గదు.

మరి గుడిలో ఏముంటుంది? రూపం మార్చుకునేవాళ్లకు ఏ రూపంలో విగ్రహం చెక్కినా పక్క ఊరివాడు ఒప్పుకోడు. మా దేవుడు ఎలుగంటే మా దేవుడు చిరుతంటారు. తూకం పెట్టు. తిరుమలలో తులాభారం చూశావు కదా, అలాంటి త్రాసు.

మేడిచెట్టు:
మాకు దగ్గర్లోనే మేడారం. అక్కడ విగ్రహాలు లేవు, గద్దెలు ఉంటాయి. చిలకలగుట్ట నుంచి అమ్మను కుంకుమ భరిణె రూపంలో తెస్తారు. మనిషి ఎత్తు బంగారం అని మొక్కుకుని బెల్లం తూచి సమర్పిస్తారు, అక్కడ బెల్లాన్ని బంగారం అనే అంటారు. తూకం మొక్కు ఎలా ఉంటుందో చూడాలంటే జాతరకు రండి. ఒక్క మాట మాత్రం. సమ్మక్క కథనే తీసుకెళ్లి మెరవలకు తగిలించకండి. అడవిలో పులుల మధ్య దొరికిన పాప అని చెబుతారు కాబట్టి ఎవరికైనా అలా బుద్ధి పుట్టొచ్చు. మాకు ఆమె కథల్లో మనిషి కాదు, ఇంట్లో మనిషి.

మోడరేటర్:
మేడిచెట్టు గారి మాట అందరూ గమనించగలరు. బతికున్న నమ్మకాల నుంచి పద్ధతి నేర్చుకోవచ్చు, దేవతలను ఎత్తుకుపోవద్దు. కొనసాగించండి.

వలసపిట్ట:
తప్పకుండా. నేను తీసుకునేది తూకం ఒక్కటే. గుడి ఇలా అనుకుంటున్నా: పైకప్పు ఉండదు. మధ్యలో ఒక దూలానికి త్రాసు. ఒక తట్టలో ఎప్పుడూ ఒక రాయి ఉంటుంది, గుండ్రటిది, చేతులు తగిలి తగిలి నున్నబడ్డది. అదే దేవుడు, పేరు తూనికయ్య. ఎండాకాలం మొదట్లో తల్లులు పిల్లల్ని తెచ్చి రెండో తట్టలో కూర్చోబెడతారు. బిడ్డ తట్ట పైకి లేస్తే ఇంకో ఏడాది రెక్కలు. రాయి పైకి లేస్తే ఆ రోజే దింపుడు. తలనీలాలు తీసి, కాలికి కట్టిన దారం తెంపి, అప్పుడు పేరు పెడతారు. అంతవరకు ఏ బిడ్డకూ పేరు ఉండదు, అందరినీ పిట్ట అనే పిలుస్తారు.

దారం సంగతి చెప్పలేదు కదూ. ఎగిరే వయసు పిల్లలకు చీలమండకు నూలుదారం కట్టి రెండో కొస తల్లి నడుముకు ముడేస్తారు. వంట చేసేటప్పుడు, నిద్రపోయేటప్పుడు. మెరవ ఆడవాళ్ల నడుము మీద ఆ ఒరిపిడి మచ్చ ముసలితనం దాకా ఉంటుంది. ఎంతమందిని కన్నదో ఆ మచ్చ చూసి చెప్పేస్తారు.

పుంజు_99:
మచ్చ సీన్ చదివి నోరు మూసుకున్నా. కొనసాగించండి.

చిత్తుప్రతి:
మతం అన్నాక ఎదురు తిరిగేవాడు ఒకడుండాలి. అందరూ ఒకే పాట పాడితే అది పాఠ్యపుస్తకం. 'నేను పెద్దయ్యాక కూడా ఎగురుతున్నా' అనేవాడు ఒకడు రావాలి.

నిద్రపట్టనోడు:
దానికి మన దేశంలోనే మంచి ఆధారం ఉంది. నాగాలాండ్‌లోని సుమీల గురించి, అప్పట్లో సేమాలనేవాళ్లు, బ్రిటిష్ అధికారి జె.హెచ్. హట్టన్ వందేళ్ల కిందట రాసి పెట్టాడు. అక్కడ కొందరికి చిరుతతో సంబంధం ఉంటుందని నమ్మేవారు. మనిషి చిరుతగా మారడు. ఒళ్లు ఇంట్లోనే పడుకుని ఉంటుంది, ప్రాణం మాత్రం వెళ్లి చిరుతలో చేరుతుంది. అక్కడ చిరుతకు దెబ్బ తగిలితే ఇక్కడ మనిషి ఒంటి మీద పుండు తేలుతుంది. మీ తిరుగుబాటుదారు వాదన అలా ఉండొచ్చు: ఒళ్లు బరువైతే ఏం, ప్రాణానికి బరువు లేదు, నేను రాత్రిళ్లు ఎగిరొస్తా.

గోదారిగట్టు:
వాడి మీద విచారణ జరుగుతుంది కదా. దానికి నా దగ్గర ఇంకో ముక్క ఉంది. 1691లో లివోనియాలో, అంటే ఇప్పటి లాత్వియా ప్రాంతంలో, థీస్ అనే ఎనభై దాటిన ముసలాయన కోర్టుకొచ్చాడు. వచ్చింది వేరే దొంగతనం కేసులో సాక్షిగా. ఈయన తోడేలు మనిషని ఊరంతా ఎరుగుదురని ఇంకో సాక్షి అంటే, ఏమాత్రం దాచకుండా 'అవును, ఒకప్పుడు నేను తోడేలు మనిషినే' అన్నాడు. సైతానుతో ఒప్పందం చేసుకున్నానని చెప్పించాలని జడ్జీలు ఎంత ప్రయత్నించినా లొంగలేదు. మేం దేవుడి కుక్కలం, మంత్రగాళ్లు మన పంట గింజల్ని నరకానికి ఎత్తుకుపోతారు, మేం వెళ్లి తిరిగి లాక్కొస్తాం, మేం లేకపోతే మీకు పంటే లేదు అన్నాడు. పాస్టర్ వచ్చి పశ్చాత్తాపపడమంటే, ఈయనకంటే నాకే బాగా తెలుసన్నాడు. చివరికి కొరడా దెబ్బలు, ఊరి బహిష్కారం.

ఆ ముసలాయన ధోరణి చూడు. తప్పించుకోవాలని గానీ, హీరో కావాలని గానీ లేదు. మీరే నాకు రుణపడ్డారు అన్నట్టు మాట్లాడాడు. నీవాడు కూడా అలాగే నిలబడాలి.

వలసపిట్ట:
వాడు కాదు, ఆవిడ. నడుము మీద మచ్చ లేని ముసలమ్మ, పిల్లలు పుట్టలేదు. రాత్రిళ్లు ఎగిరి, దారం తెగి దారి తప్పిన పిట్టల్ని వెనక్కి తోలుకొస్తున్నానంటుంది. ఊళ్లో సగంమంది తల్లులు చాటుగా ఆమెకు ఉప్పు ఇస్తారు.

రాళ్లపిచ్చి:
చాలా రోజులుగా చదువుతున్నా, ఒక్కటే డౌట్. ఆ రాయి ఏ రాయి?

వలసపిట్ట:
రాయి అంటే రాయే. ఎందుకు?

రాళ్లపిచ్చి:
ఎందుకంటే అది అరుగుతుంది. గ్రానైట్ అయితే ఫర్వాలేదు, తరతరాలు చేతులు తగిలినా తేడా తెలియదు. మన కడప, కర్నూలు వైపు నాపరాయి లాంటిదైతే కథ వేరు, అది సున్నపురాయి జాతి. పులుపు తగిలితే కరుగుతుంది. మా ఇంట్లో తాండూరు బండల మీద నిమ్మరసం ఒలికి తుడవకపోతే తెల్లారేసరికి పాలిష్ పోయి మచ్చ పడింది. మీ తూనికయ్యకు అభిషేకం చేస్తారా? పెరుగుతో, చింతపండు పులుసుతో, నిమ్మకాయలతో? ఏటా కాస్త కాస్త పోతూ కొన్ని వందల ఏళ్లకు ఒకటి రెండు కిలోలు తగ్గిందంటే ఆశ్చర్యం లేదు.

చిత్తుప్రతి:
దేవుడి బరువు తగ్గుతోంది. అంటే పిల్లలు ఏటికేడు ముందే దిగిపోతున్నారు.

మేడిచెట్టు:
తల్లులు ఇంకా తిండి తగ్గిస్తారు. నాలుగేళ్ల దాకా ఎగిరేవాళ్లు, ఇప్పుడు మూడు నిండకుండానే దింపుతున్నారంటే మా పిల్లలకు ఏదో దోషం అనుకుంటారు గానీ రాయిని అనుమానించరు. దిగిన పిల్లల్ని ఏ పనికి పంపుతారు?

వలసపిట్ట:
ఉప్పు మళ్లలోకి. పేరు పెట్టిన మర్నాటి నుంచి ఉప్పు పోగుచేయడానికి వెళ్లాలి, ఊరి పద్ధతి. దింపుడు రోజున పూజారికి బిడ్డ బరువంత ఉప్పు ఇవ్వాలి. దిగువ ఊరి షావుకారు ఆ ఉప్పంతా పూజారి దగ్గరే కొంటాడు.

ఇప్పుడు నాకు తేలనిది ఒకటే. అభిషేకానికి బుట్టలకొద్దీ నిమ్మకాయలు పంపేది ఆ షావుకారే అని నిన్ననే రాసేశా, ఊరికే, భక్తి కొద్దీ పంపుతున్నాడని. పూజారికి సంగతి తెలిసి తీసుకుంటున్నాడా, తెలియకా? తెలిసినట్టు రాస్తే కథ తేలికైపోతుందని భయం. రాళ్లపిచ్చి గారూ, నిమ్మరసం పోసినప్పుడు ఆ రాయి మీద ఏమైనా కనపడుతుందా? బుడగలు, చప్పుడు, ఏదైనా?

రాళ్లపిచ్చి:
కనపడుతుంది. సన్నటి బుడగలు వస్తాయి, చెవి దగ్గర పెడితే చిన్నగా బుసబుసమంటుంది. అరిగిన చోట గరుకుగా తగులుతుంది, చెయ్యి పెడితే తెలిసిపోతుంది.

గోదారిగట్టు:
ఇంకేం, దేవుడు పలుకుతున్నాడని చెప్పుకుంటారు. పూజారి కూడా అలాగే నమ్మనీ. ముసలమ్మ ఒక్కతే చెవి పెట్టి వింటుంది.

వలసపిట్ట:
చెవి పెట్టేది ముసలమ్మ కాదు సార్, మేనత్త. బెల్లం తినిపించిన పిల్ల రాయికి సరిగ్గా సమానంగా తూగిన రోజున. త్రాసు కదలదు, పూజారి ఏం చెప్పాలో తెలియక నిమ్మకాయ కోస్తాడు. రేపటికల్లా ఆ అధ్యాయం ఇక్కడ పెడతా, మొహమాటం లేకుండా చీల్చండి.